విరిగే చోటు ఎక్కడ? వెనక డిఫరెన్షియల్ వింతలు విశేషాలు

ఎడ్లబండి మలుపు తిరిగేటప్పుడు చక్రాల వంక చూడండి. ఇరుసు తిరగదు. చక్రాలు రెండూ దాని మీద దేనికది తిరుగుతాయి. లోపలి చక్రం నింపాదిగా, బయటి చక్రం కాస్త హడావిడిగా. పేచీ ఏమీ లేదు. బండిని లాగేవి ఎద్దులు కాబట్టి చక్రాలకు బరువు మోయడం ఒక్కటే పని. ఆ చక్రాల చేతే బండిని తోయించాలని మనిషికి బుద్ధి పుట్టిన రోజున చిక్కు మొదలైంది.

ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య 1.6 మీటర్ల ఎడం ఉన్న కారు తీసుకుందాం. వీధి మూలన తొంభై డిగ్రీలు తిరిగితే లోపలి చక్రం కంటే బయటి చక్రం సుమారు 2.5 మీటర్లు ఎక్కువ నడుస్తుంది. ఇరుకు సందు మలుపైనా, విశాలమైన బైపాస్ మలుపైనా తేడా అంతే. యూటర్న్ కొడితే 5 మీటర్లు. రెండు చక్రాలనూ ఒకే కడ్డీకి బిగిస్తే ఆ తేడాను ఎవరో ఒకరు భరించాలి. టైరు రోడ్డుకు గీరుకుపోవాలి, లేదా కడ్డీ మెలిపడాలి. ఈ తగువు తీర్చే పెద్దమనిషి పేరే డిఫరెన్షియల్. లారీ వెనక చక్రాల నడుమ గుండ్రంగా ఉబ్బి కనిపిస్తుందే, అదే. మన షెడ్లలో దాన్ని ‘హౌసింగ్’ అనేస్తారు. అమెరికా మెకానిక్కులు ముద్దుగా ‘గుమ్మడికాయ’ అంటారు.

మామూలు కారులో ఈ గుమ్మడికాయ పదేళ్లు నోరెత్తకుండా పనిచేస్తుంది. ఇంజన్ బలం రెట్టింపు చేస్తే మాత్రం మొదట కేక పెట్టే వాటిలో ఇదొకటి. ఎన్ని వందల గుర్రాల శక్తి ఉన్నా అదంతా చివరికి పినియన్ అనే పిడికిలంత పళ్లచక్రం మీదుగానే పోవాలి. ఒక్కో క్షణంలో ఆ భారం మోసేది రెండు మూడు పళ్లే. ఆ పళ్ల చుట్టూ అల్లుకున్న వింతలు, రికార్డులు కొన్ని చూద్దాం.

తొలి డిఫరెన్షియల్ కారుది కాదు

1901లో గ్రీసు దేశపు యాంటికిథెరా దీవి దగ్గర మునిగిన ఓడలో తుప్పుపట్టిన కంచు యంత్రం ఒకటి దొరికింది. వయసు రెండు వేల ఏళ్ల పైమాటే. సూర్యుడి స్థానానికీ చంద్రుడి స్థానానికీ ఉన్న తేడాను పళ్లచక్రాలతో తీసి చంద్రకళను చూపించే అమరిక అందులో ఉందని పరిశోధకులు తేల్చారు. రెండు వేర్వేరు వేగాల తేడాను మూడో చక్రం మీద చూపించడం! డిఫరెన్షియల్ అంటే అదేగా.

బండికి దీన్ని తెచ్చినవాడు ఫ్రాన్సుకు చెందిన గడియారాల పనివాడు ఒనెసిఫోర్ పెక్కర్. ఆవిరి బండి కోసం 1828లో పేటెంటు తీసుకున్నాడు. అప్పటికి పెట్రోలు కారు పుట్టడానికి ఇంకా అరవై ఏళ్లుంది. ఇంగ్లండులో 1877లో కొవెంట్రీ వాసి జేమ్స్ స్టార్లీ మూడు చక్రాల సైకిలుకు దీన్ని అమర్చాడు. తండ్రీ కొడుకులు పక్కపక్కన కూర్చుని తొక్కుతుంటే కొడుకు కాలి బలం ఎక్కువై బండి ఒక పక్కకే పోయేదని, ఆ తిప్పల్లోంచే ఈ ఆలోచన పుట్టిందని కథగా చెబుతారు.

మంచితనమే లోపమైన యంత్రం

మాగాణిలో దమ్ము చేసే ట్రాక్టరును చూసినవాళ్లకు ఈ సంగతి వివరించక్కర్లేదు. ఒక చక్రం బురదలో కూరుకుని గిర్రున తిరుగుతుంటుంది. గట్టు వైపు గట్టి నేల మీదున్న రెండో చక్రం కదలదు. ఇంజన్ ఎంత అరిచినా బండి అక్కడే. డ్రైవరు కాలితో కింద చిన్న పెడల్‌ను తొక్కుతాడు, రెండు చక్రాలూ ఒకటై బండి బయటపడుతుంది. అది డిఫరెన్షియల్ లాక్.

మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమానంగానే బలం పంచుతుంది. లోపమూ అందులోనే ఉంది. ఒక చక్రానికి పట్టు లేకపోతే ఎంత తక్కువ బలం అక్కడికి చాలునో, రెండోదానికీ అంతే ఇస్తుంది. పట్టులేనివాడి స్థాయికి పట్టున్నవాడినీ దించుతుంది.

ట్రాక్టరుకు బురదలో వచ్చే కష్టం ఫెర్డినాండ్ పోర్షే గీసిన రేసు కారుకు పొడి రోడ్డు మీదే వచ్చింది. 1930లలో జర్మనీ ఆటో యూనియన్ కంపెనీకి ఆయన పదహారు సిలిండర్ల గ్రాండ్ ప్రి కారు చేశాడు. గంటకు 160 కిలోమీటర్ల వేగంలోనూ ఒక వెనక చక్రం ఊరికే తిరిగి పొగలు కక్కేది. 1935లో జెడ్.ఎఫ్. కంపెనీ చేత పిన్నులూ క్యామ్‌లతో కొత్త రకం డిఫరెన్షియల్ చేయించారు. చక్రాల వేగాల మధ్య తేడాను కొంతవరకే ఒప్పుకుని, అది దాటితే బిగుసుకునే ‘లిమిటెడ్ స్లిప్’ వంశానికి అదే మూలపురుషుడు.

వేలంలో 1.375 కోట్ల డాలర్లు

స్పోర్ట్స్ కారుకు పెద్ద ఇంజన్ పెట్టి వెనక డిఫరెన్షియల్ మార్చిన కథల్లో అన్నిటికంటే పేరున్నది షెల్బీ కోబ్రాది. అమెరికా రేసర్ క్యారల్ షెల్బీ ఇంగ్లండులోని ఏ.సి. కార్స్ వాళ్ల తేలికపాటి ‘ఏస్’ కారులో ఫోర్డ్ వి8 ఇంజన్ పెట్టాలనుకున్నాడు. అంతకుముందు ఆ కారులో ఉండేది రెండు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్. అందుకు తగ్గ ఇ.ఎన్.వి. డిఫరెన్షియల్ వి8 దెబ్బకు నిలవదని ఏ.సి. ఇంజనీర్లు గ్రహించారు. అందుకే చేసిన మార్పులన్నిటిలో ముఖ్యమైనది ఇంజన్ చుట్టూ కాదు, వెనకాల జరిగింది. జాగ్వార్ ఇ-టైప్‌లో వాడే సాలిస్‌బరీ డిఫరెన్షియల్ తెచ్చి బిగించారు.

సి.ఎస్.ఎక్స్ 2000 అనే ఆ తొలి కారును ఇంజన్ లేకుండా 1962 ఫిబ్రవరిలో విమానంలో లాస్ ఏంజెలెస్ పంపారు. అక్కడ ఒక షెడ్డులో ఎనిమిది గంటల్లోపే 4.3 లీటర్ల ఇంజన్, గేర్‌బాక్స్ కూర్చారు. అదే కారు 2016లో వేలానికి వస్తే 1.375 కోట్ల డాలర్లు పలికింది. అప్పటికి వేలంలో ఏ అమెరికన్ కారుకూ అంత ధర రాలేదు. షెల్బీ ఇంజన్ గురించి ప్రపంచమంతా చెప్పుకుంటుంది. ఎనిమిది గంటల్లో ఇంజన్ దించగలిగారంటే మాత్రం, వెనక భాగం ముందే సిద్ధమై ఉండబట్టే.

కోర్టు బోనెక్కిన డిఫరెన్షియల్

హాలీవుడ్‌లో ఒక కేసు గెలిపించిన ఘనతా దీనికుంది. 1992లో వచ్చిన ‘మై కజిన్ విన్నీ’ సినిమాలో హత్యానేరం మోపబడ్డ కుర్రాళ్ల కారు 1964 బ్యూక్ స్కైలార్క్. పారిపోయిన కారు రోడ్డు మీద వదిలిన టైరు గుర్తులే ఆధారం. లాయరుగారికి కాబోయే భార్య మోనాలిసా వీటో మెకానిక్కుల కుటుంబంలో పుట్టిన పిల్ల. ఆమె బోనెక్కి ఫొటో చూపిస్తుంది. గుర్తులు రెండూ సమానంగా ఉన్నాయి, అంటే రెండు చక్రాలూ కలిసి తిరిగాయి. మామూలు డిఫరెన్షియల్ ఉన్న స్కైలార్క్ అలా చేయలేదు. పైగా ఒక చక్రం గట్టెక్కినా గుర్తు వెడల్పు మారలేదు. అంటే చక్రాలు దేనికది ఊగే సస్పెన్షన్ ఉన్న కారు అది. అటు లిమిటెడ్ స్లిప్, ఇటు ఆ సస్పెన్షన్, చూడటానికి స్కైలార్క్‌లాగే ఉండటం... మూడూ కలిసింది 1963 పాంటియాక్ టెంపెస్ట్ ఒక్కదానికే.

ఈ పాత్రకు మరీసా టొమేకి ఉత్తమ సహాయనటి ఆస్కార్ వచ్చింది. సినిమాలో ఆ పరికరాన్ని ‘పోజిట్రాక్షన్’ అంటారు. అది షెవ్రొలే పేరు. పాంటియాక్ వాళ్లు తమదాన్ని ‘సేఫ్-టి-ట్రాక్’ అని అమ్మేవారు. సరకు ఒకటే, సంచి వేరు.

అందరూ అరువు తెచ్చుకున్న గుమ్మడికాయ

ఫోర్డ్ కంపెనీ 1957 మోడళ్లతో ‘నైన్ ఇంచ్’ వెనక డిఫరెన్షియల్ తెచ్చింది. 1986 దాకా తయారు చేసి మానేసింది. అయినా అది చావలేదు. బయటి కంపెనీలు ఈనాటికీ దాని నమూనాలో కొత్తవి పోసి అమ్ముతున్నాయి. అమెరికా నాస్కార్ రేసుల్లో ఫోర్డ్‌కు బద్ధశత్రువైన షెవ్రొలే కార్లూ, ఆ తర్వాత వచ్చిన టొయోటా కార్లూ ఈ ఫోర్డ్ నమూనా డిఫరెన్షియల్‌తోనే పరుగెత్తాయి. 2022లో కొత్త తరం కార్లు వచ్చి గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ ఒకే పెట్టెలో కలిసిపోయేదాకా ఈ ఏర్పాటు సాగింది.

దాని బలమేమిటి? మొదటిది, పినియన్‌ను ఇరువైపులా పట్టే అమరిక. మామూలు డిఫరెన్షియల్‌లో పినియన్ రెండు బేరింగుల మీద ఉండి తల బయటికి చాపుకుని ఉంటుంది. బరువు పడితే ఆ తల పక్కకు వంగుతుంది, పళ్లు సరిగా కరుచుకోవు. నైన్ ఇంచ్‌లో తల చివర మూడో బేరింగ్ ఒకటుంది. గడకర్రను ఒక కొసనే పట్టుకోవడానికీ రెండు కొసలా పట్టుకోవడానికీ ఉన్న తేడా ఇది. రెండోది, పినియన్ తాను తిప్పే పెద్ద పళ్లచక్రమైన క్రౌన్ వీల్ మధ్యగీతకు 57 మిల్లీమీటర్లు కిందికి ఉండటం. దానివల్ల పన్ను పొడవుగా, ఏటవాలుగా వచ్చి ఒకేసారి ఎక్కువ పళ్లు భారం పంచుకుంటాయి.

ఈ కిందికి జరిపే ‘హైపాయిడ్’ పళ్ల విద్య 1926లో ప్యాకార్డ్ కార్లతో వచ్చింది. పళ్లు కోసే యంత్రాలకు పేరుపడ్డ గ్లీసన్ కంపెనీ చలవ అది. ఇంజన్ వైపు నుంచి పినియన్‌కు బలం తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ కిందికి దిగడంతో కారు లోపల నేలా కిందికి దిగింది. ఏ సుఖమూ ఉచితంగా రాదు. హైపాయిడ్ పళ్లు దొర్లడంతో పాటు ఒకదాని మీద ఒకటి జారతాయి. ఎంత కిందికి జరిపితే అంత జారుడు, అంత వేడి. నైన్ ఇంచ్ బలానికి కట్టే పన్ను అదే.

పేరులోనే ఉంది కొలత

నిస్సాన్ వాళ్ల డిఫరెన్షియళ్లు ఆర్180, ఆర్200, ఆర్230. రహస్య సంకేతాలేమీ కావు, అంకె క్రౌన్ వీల్ వ్యాసం, మిల్లీమీటర్లలో. ఫోర్డ్ 8.8, ఫోర్డ్ 9 కూడా అంతే, అంగుళాల్లో. చవకగా బలమైన డిఫరెన్షియల్ వెతికేవాడికి ఈ అంకెలే మొదటి సూచిక. పాత డాట్సన్ జడ్ కారులో ఆర్180 తీసి ఆర్200 పెట్టుకోవడం అందుకే ఆనవాయితీ అయింది.

వ్యాసం ఒక్కటే చూస్తే మోసపోతాం. ఒకే వ్యాసంలో రేషియో మారితే బలమూ మారుతుంది. 4.10 రేషియో అంటే క్రౌన్‌కి 41 పళ్లు, పినియన్‌కి 10. 3.08 అంటే 40కి 13. పదమూడు పళ్ల పినియన్ పెద్దది, బలిష్ఠం. ఎనిమిది పళ్ల పినియన్ కారును బాణంలా వదులుతుంది కానీ తాను సన్నగా ఉంటుంది. టర్బోతో బలం పెంచినవాళ్లు చాలామంది రేషియో అంకెను తగ్గించుకోవడంలో తెలివి ఇదే. ఇంజన్ దగ్గర బలం దండిగా ఉన్నప్పుడు పళ్ల దగ్గర అదనంగా పెంచుకోవడం దేనికి? ఈ దారిలో కొసకంటా పోయినవాళ్లు స్వీడన్‌కు చెందిన కోనిగ్‌సెగ్. 2015లో చూపించిన రెగేరా కారులో 1,500 హార్స్‌పవర్ పైగా ఉంది, గేర్‌బాక్స్ మాత్రం లేదు. మూడుకు లోపు ఉన్న ఒకే ఒక్క వెనక రేషియోతో నిలుచున్న చోటు నుంచి కొస వేగం దాకా పోతుంది.

అసలు ఫ్యూజు టైరే

‘ఎన్ని హార్స్‌పవర్‌కి తట్టుకుంటుంది?’ అందరూ అడిగే ప్రశ్న ఇది. అడగాల్సింది మాత్రం ‘ఏ టైరుతో?’ అని.

చిన్న లెక్క వేద్దాం. ఇంజన్ 1,000 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. మొదటి గేరు 3, వెనక రేషియో 3.5. క్రౌన్ వీల్ దగ్గరికి వచ్చేసరికి 10,500. కానీ వెనక చక్రాల మీద ఉన్న బరువు 1,000 కిలోలు, టైరు మామూలుది, చక్రం వ్యాసార్ధం 33 సెంటీమీటర్లు అనుకుంటే, ఆ రెండు టైర్లూ కలిసి నేలను పట్టగలిగేది సుమారు 3,200 న్యూటన్ మీటర్లే. మిగతాదంతా పొగ. డిఫరెన్షియల్ చూసే భారం 3,200 దగ్గరే ఆగిపోతుంది.

ఇప్పుడు డ్రాగ్ రేసుల మెత్తటి టైర్లు వేయండి. పట్టు రెట్టింపు దాటుతుంది. కారు ముందుభాగం లేచి బరువు వెనక్కి వాలుతుంది. వెనక 1,500 కిలోలు పడిందనుకుంటే పట్టు 9,700 దాకా పోతుంది. ఇంజన్‌లో ఒక్క బోల్టు తిప్పలేదు. అయినా డిఫరెన్షియల్ మీద భారం మూడింతలైంది. నాలుగేళ్లు నిక్షేపంగా నడిచిన డిఫరెన్షియల్ టైర్లు మార్చిన వారం పగిలిందంటే ఆశ్చర్యం లేదు. దానికి తోడు చక్రాలు పట్టు దొరికీ దొరకక టపటపా ఎగిరే ‘వీల్ హాప్’ ఒకటి. ఆ ఎగురుడులో పళ్ల మీద పడేది తోపు కాదు, సుత్తి దెబ్బలు.

ముందు చక్రాలు లేపిన కారు

ఫ్యాక్టరీలోనే ఇంత పట్టుకు సిద్ధం చేసి అమ్మిన కారు 2018 డాడ్జ్ చాలెంజర్ డీమన్. 840 హార్స్‌పవర్. బయలుదేరగానే ముందు చక్రాలు రెండూ గాల్లో ఉండగా 2.92 అడుగులు పోయింది. ఉత్పత్తి కార్లలో నిలుచున్న చోటు నుంచి అంత దూరం అలా పోయినందుకు గిన్నిస్ ధ్రువపత్రం దక్కింది.

ఆ మూడడుగుల లోపు తమాషా కోసం వెనక జరిగిన పని చూడండి. డిఫరెన్షియల్ పెట్టెకు వేడిచేసి గట్టిపరిచిన అల్యూమినియం మిశ్రమం, మందం పెంచిన ప్రొపెల్లర్ షాఫ్ట్ గొట్టం, చక్రాలను తిప్పే, కొసన 41 గాళ్లున్న హాఫ్ షాఫ్టులు. 2023లో వచ్చిన డీమన్ 170కి 1,025 హార్స్‌పవర్ అయ్యేసరికి క్రౌన్ వీల్‌ను కూడా 230 నుంచి 240 మిల్లీమీటర్లకు పెంచారు. అది పావు మైలును 8.91 సెకన్లలో దాటింది. అంత వేగానికి తప్పనిసరైన రక్షణ చట్రం అందులో లేదని డ్రాగ్ రేసుల సంఘం ఎన్.హెచ్.ఆర్.ఏ. దాన్ని తన పోటీల్లోకి రానివ్వలేదు. అతి వేగంగా పోయినందుకు వెలి!

నాలుగు రకాల పెద్దమనుషులు

తగువు తీర్చేవాళ్లలో నాలుగు స్వభావాలున్నాయి. మీ కారు ఏం చేయాలో తేల్చుకుంటే ఎవరిని పిలవాలో తెలుస్తుంది.

మొదటివాడు ప్లేట్ల రకం. లోపల క్లచ్ ప్లేట్ల దొంతర ఉంటుంది. బలం పెరిగేకొద్దీ బిగుస్తుంది. ఎంత బిగియాలో వాలుపట్టీల కోణాన్ని మార్చి తేల్చుకోవచ్చు. రేసు ట్రాకుకు మంచిది. ప్లేట్లు అరుగుతాయి, నూనె తరచూ మార్చాలి, పార్కింగులో తిప్పుతుంటే టకటకమంటుంది.

రెండోవాడు మరపళ్ల రకం, ‘టార్సెన్’. వెర్నన్ గ్లీస్‌మన్ 1958లో పేటెంటు పొందాడు. 1982లో గ్లీసన్ కంపెనీ ఆ హక్కులు కొంది. గ్లీస్‌మన్ చేసింది గ్లీసన్ కొనడంతో పేర్ల దగ్గర ఈనాటికీ తికమకే. అరుగుదల తక్కువ, రోడ్డు కారుకు సుఖం. ఒకటే బలహీనత. ఇది పట్టు తక్కువ చక్రానికి దక్కినదానికి ఇన్ని రెట్లు అని రెండోదానికి ఇస్తుంది. ఒక చక్రం గాల్లోకి లేస్తే దానికి దక్కేది సున్నా. సున్నాను ఎన్ని రెట్లు చేసినా సున్నాయే.

మూడోవాడు కంప్యూటర్ మాట వినేవాడు. రోడ్డు కార్లలో ఫెరారీ ఎఫ్430, 2004లో, ‘ఇ-డిఫ్’తో ఈ దారి పట్టింది. అంతకు ముందే 1996లో మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్ 4 వెనక చక్రాలకు బలాన్ని కావాలని ఎక్కువ తక్కువలుగా పంచి కారును మలుపులోకి తిప్పింది.

నాలుగోవాడు మొండివాడు. పేరు స్పూల్. తీర్పూ లేదు, పంపకమూ లేదు. రెండు చక్రాలూ ఒకే కడ్డీ. నేరుగా దూసుకుపోయే డ్రాగ్ కారుకు ఇంతకంటే నమ్మకమైనది లేదు. వీధిలో మలుపు తిరిగితే మాత్రం మొదట చెప్పిన 2.5 మీటర్ల అప్పు టైరు దగ్గరో యాక్సిల్ దగ్గరో వసూలు చేస్తుంది. వెనక డిఫరెన్షియల్ లోపలి చిన్న పళ్లచక్రాలను, అంటే స్పైడర్ గేర్లను, వెల్డింగ్ చేసి పారేస్తే దీని చవక తమ్ముడు తయారవుతాడు. డ్రిఫ్టింగ్ నేర్చుకునే కుర్రకారు చాలామందికి తొలి ‘అప్‌గ్రేడ్’ అదే. ట్రాకు మీద వాళ్లిష్టం. మన దేశంలో రోడ్డెక్కే బండికి మాత్రం తయారీదారు ఇచ్చిన వివరాలను కాదని మార్పులు చేయడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు.

అసలు డిఫరెన్షియలే లేని మొనగాళ్లు

అందరికంటే బలవంతుడికి డిఫరెన్షియల్ లేకపోవడమే అన్నిటికంటే పెద్ద వింత. 11,000 హార్స్‌పవర్ అంచనా ఉన్న టాప్ ఫ్యూయెల్ డ్రాగ్‌స్టర్‌లో గేర్‌బాక్సూ లేదు, డిఫరెన్షియలూ లేదు. ఉన్నవల్లా క్లచ్ దొంతర, 3.20 రేషియో పళ్లు, స్పూల్. వెయ్యి అడుగుల పరుగు నాలుగు సెకన్ల లోపు ముగుస్తుంది.

నేరుగా పోయేదానికి సరే, మలుపులు తిరిగేదానికో? 1973 క్యాన్-ఆమ్ పోటీల్లో మార్క్ డొనహ్యూ ఎనిమిదింట ఆరు రేసులు గెలిచిన పోర్షే 917/30కి 1,100 హార్స్‌పవర్. వెనక చక్రాలు రెండూ బిగదీసినవే. చిన్నపిల్లలు నడిపే గోకార్టుకూ డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో చట్రం వంగి లోపలి వెనక చక్రం నేలను వదిలి లేస్తుంది. తగువుపడే ఇద్దరిలో ఒకరిని బయటికి పంపేస్తే తీర్పే అక్కర్లేదు.

1958లో హాలండ్ కంపెనీ డాఫ్ తన 600 కారుకు ఒక్కో వెనక చక్రానికి ఒక్కో బెల్టు వేసింది. డిఫరెన్షియల్ పని ఆ బెల్టులే చేశాయి. అదే ఏర్పాటు వల్ల ఆ కారు ముందుకెంత వేగంగా పోతుందో వెనక్కీ అంతే వేగంగా పోయేది. డచ్చివాళ్లు వీటితో వెనక్కి నడిపే పందేలే పెట్టుకున్నారు!

1997లో మెక్‌లారెన్ ఫార్ములా వన్ జట్టు మరో దారి తొక్కింది. మలుపులో లోపలి వెనక చక్రానికి మాత్రమే బ్రేకు వేసే అదనపు పెడల్ పెట్టుకుంది. బ్రేకు వేయకూడని చోట వెనక డిస్కు ఎర్రగా మెరవడం గమనించిన ఫొటోగ్రాఫర్ డారెన్ హీత్, ఆగిపోయిన కారు లోపలికి కెమెరా పెట్టి గుట్టు రట్టు చేశాడు. మరుసటి ఏడాదే నిషేధం పడింది. తర్వాత అదే కంపెనీ 12సి రోడ్డు కారులో లిమిటెడ్ స్లిప్ పెట్టకుండా ఆ బ్రేకు కిటుకునే వాడుకుంది.

కరెంటు కార్లు మొత్తం కథనే మార్చేశాయి. టెస్లా మోడల్ ఎస్ ప్లెయిడ్‌కి వెనక ఒక్కో చక్రానికి ఒక్కో మోటారు. మహీంద్రా గ్రూపుకు చెందిన ఆటోమొబిలి పినిన్‌ఫరీనా చేసిన బతీస్తాకు నాలుగు చక్రాలకూ నాలుగు మోటార్లు, దాదాపు 1,900 హార్స్‌పవర్. 2022 నవంబరులో ఇండోర్ దగ్గరి నాట్రాక్స్ ట్రాకు మీద పావు మైలును 8.55 సెకన్లలో దాటి మన దేశపు రికార్డు పెట్టింది. నాలుగు చక్రాల మధ్యా ఇనుప బంధుత్వం ఏదీ లేదు. మళ్లీ ఎడ్లబండి లెక్కే, దేనికది.

రెండు వెంట్రుకల మందం

ఎంత ఖరీదైన పళ్లు కొన్నా అవి బతికేది బల్ల మీద. బిగింపు పనిని ఒకసారి దగ్గరగా చూస్తే ఆ సంగతి అర్థమవుతుంది.

మెకానిక్ ముందు పినియన్ లోతు చూసుకుంటాడు. దాని తల వెనక రేకుల్లాంటి షిమ్‌లు వేసి క్రౌన్ వీల్‌కి దగ్గరగానో దూరంగానో జరుపుతాడు. తర్వాత క్రౌన్ వీల్ పన్నుకు డయల్ గేజ్ ముల్లు ఆనించి చేత్తో అటూ ఇటూ ఊపుతాడు. పళ్ల మధ్య ఉండాల్సిన ఆట మామూలుగా 0.15 నుంచి 0.20 మిల్లీమీటర్లు. సుమారు రెండు వెంట్రుకల మందం. అంతకు తగ్గితే వేడెక్కి పట్టేస్తుంది, పెరిగితే ప్రతి కుదుపుకూ పన్ను పన్నును మోదుతుంది.

ఆపైన అసలు పరీక్ష. పళ్లకు పసుపు రంగు పేస్టు పూసి క్రౌన్ వీల్‌ను రెంచితో బిగువుగా తిప్పుతాడు. పన్ను పన్నుకు ఆనిన చోట రంగు చెరిగి ముద్ర పడుతుంది. ముద్ర పన్ను నడుమ కోడిగుడ్డు ఆకారంలో పడిందా, పని అయినట్టే. అంచుకు పడిందా, బేరింగులు లాగి షిమ్ మార్చి మళ్లీ మొదటికి. అయిదారుసార్లు విప్పి బిగించడం మామూలు. ఈ విసుగుకు ఓర్చుకోలేక ‘సరేలే’ అనుకున్న చోటే హౌసింగ్ మోత పుడుతుంది. యాక్సిలరేటర్ నొక్కితే ఊళపెట్టి, వదిలితే ఊరుకునే ఆ మోత విన్నవాళ్లకు పరిచయం అక్కర్లేదు.

బలం పెంచే మార్పులన్నీ ఈ రెండు వెంట్రుకల మందాన్ని కాపాడటానికే. భారం పడగానే పినియన్ క్రౌన్ వీల్‌ను పక్కకు నెడుతుంది. అది జరగకుండా బేరింగు టోపీలకు మామూలు బోల్టుల బదులు స్టడ్‌లు, ఆ టోపీలను వెనక నుంచి నొక్కిపట్టే మందపాటి మూత. పినియన్ బేరింగుల మధ్య నలిగి సర్దుకునే గొట్టం బదులు నలగని గట్టి స్పేసర్. ఇక యాక్సిళ్లు. మెలితిప్పుడుకు కడ్డీ బలం వ్యాసం ఘనంతో పెరుగుతుంది. 31 గాళ్ల యాక్సిల్ మందం సుమారు 1.32 అంగుళాలు, 35 గాళ్లది 1.5. చూపుకు తేడా అంతంత మాత్రమే, బలం మాత్రం దాదాపు ఒకటిన్నర రెట్లు.

గుమ్మడికాయలో అయిదు హీటర్లు

500 హార్స్‌పవర్ పోతుంటే నూటికి మూడు పాళ్లు పళ్ల రాపిడిలో ఖర్చయినా 11 కిలోవాట్లు. రెండేసి కిలోవాట్ల నీళ్ల హీటర్లు అయిదింటిని ఆ చిన్న డబ్బాలో పడేసి వెలిగించినట్టు. అందుకే ట్రాకు కార్లకు డిఫరెన్షియల్ నూనెను పంపుతో బయటికి తీసి చల్లార్చే కూలర్ పెడతారు. హైపాయిడ్ పళ్ల జారుడుకు మామూలు ఇంజన్ ఆయిల్ నిలవదు. గంధకం కలిసిన జి.ఎల్.-5 గేర్ ఆయిల్ కావాలి. చేతికి అంటితే రెండు రోజులు వదలని ఆ వాసన గంధకానిదే. కొత్త పళ్లకు తొలి ప్రయాణం పావుగంట, ఇరవై నిమిషాలు నెమ్మదిగా, తర్వాత పూర్తిగా చల్లారనివ్వాలి. కొన్ని వందల కిలోమీటర్లకు నూనె మార్చాలి. మొదటి రోజే పొగలు కక్కించినవాడు డబ్బులను నూనెలో వేయించుకున్నట్టే.

గొలుసులో బక్కది ఏది?

పినియన్ గట్టిపరిస్తే యాక్సిల్ విరుగుతుంది. యాక్సిల్ మారిస్తే ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింటు. దాన్నీ మారిస్తే గేర్‌బాక్స్. బలం పెంచడమంటే విరుగుడును ఆపడం కాదు, విరిగే చోటును పక్కింటికి పంపడం. కార్లు కట్టే పాతకాపులు అందుకే అన్నిటినీ సమానంగా బలపరచరు. ఏది విరిగితే చవకో, ఏది విరిగితే కారు చక్రం ఊడకుండా రోడ్డు పక్కన ఆగగలదో, దాన్ని కావాలనే ఒక మెట్టు తక్కువలో ఉంచుతారు.

ఈ తెలివి కోసం అమెరికా దాకా పోనక్కర్లేదు. మన పొలాల్లో తిరిగే రోటవేటర్లలో చాలావాటికి షాఫ్ట్ దగ్గర ఒక బక్క బోల్టు ఉంటుంది. కత్తులకు రాయి తగిలితే అది తెగుతుంది, గేర్‌బాక్స్ బతుకుతుంది. రైతు తిట్టుకుంటూ దిగి, జేబులోంచి ఇంకో బోల్టు తీసి బిగించి పని సాగిస్తాడు. మాటిమాటికీ తెగుతోందని విసిగి, అక్కడ గట్టి బోల్టు వేసినవాడు మాత్రం రాయి తగిలిన రోజున గేర్‌బాక్స్ మోసుకుని షెడ్డుకు పోతాడు.